హిస్టరీ ఎన్నిసార్లు చదివినా నిలవట్లేదు, పదో తరగతి పిల్లలు ఎలా చదవాలి?

గుంటూరు_అమ్మ:
నమస్కారం అండీ. మా బాబు పదో తరగతి, స్టేట్ సిలబస్, ఇంగ్లీషు మీడియం. లెక్కలు, సైన్సు బాగానే చేస్తాడు. సోషల్‌లో కూడా జాగ్రఫీ, ఎకనామిక్స్ గురించి నాకు పెద్ద టెన్షన్ లేదు. చిక్కంతా హిస్టరీ దగ్గరే. "భారతదేశంలో జాతీయవాదం" పాఠం రాత్రి కూర్చోబెట్టి అప్పజెప్పించుకుంటే గడగడా చెప్పేస్తాడు. వారం తిరిగేసరికి సహాయ నిరాకరణ ముందా, శాసనోల్లంఘన ముందా అని అడిగితే తెల్లమొహం వేస్తున్నాడు. పుస్తకం తెరిస్తే ప్రతి పేజీలోనూ రంగురంగుల మార్కర్ గీతలే, గీత పడని లైను వెతుక్కోవాలి. ట్యూషన్‌లో నోట్సు ఇచ్చి మాటమాటా బట్టీ పట్టమంటున్నారు, వాడు పడుతున్నాడు కూడా, కష్టపడట్లేదని అనలేను. అయినా నిలవట్లేదు. ఇంట్లో మేమిద్దరం కామర్స్ చదివినవాళ్లం, ఎలా చెప్పాలో మాకు తెలీట్లేదు. ఇక్కడ టీచర్లు, పిల్లల్ని చదివించినవాళ్లు ఉంటారు కదా, నిజంగా పనికొచ్చిన పద్ధతులేవైనా చెప్పండి.

సుప్రభాతం:
తెల్లవారుజామున లేపి చదివించండి మేడమ్. అప్పుడు చదివింది చచ్చినా మర్చిపోరు.

ఓరుగల్లు_సోషల్_సార్:
మేడమ్, నేను ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెప్తాను. మా తెలంగాణ పుస్తకం వేరు, కానీ మీ బాబు ఇబ్బంది మా క్లాసులో సగం మందికి ఉంది. పైన చెప్పిన తెల్లవారుజాము సంగతి పిల్లాడి నిద్ర అలవాటుని బట్టి చూసుకోండి, నిద్ర తగ్గించి మాత్రం చదివించకండి.

మీ బాబుకి జ్ఞాపకశక్తి తక్కువేం కాదు. రాత్రి గడగడా చెప్తున్నాడంటేనే ఉందని అర్థం. ఒక సంఘటన తర్వాత ఇంకోటి ఎందుకు వచ్చిందో వాడికి కనబడట్లేదు, అంతే. నోట్సులో పాయింట్ నంబరు 1, 2, 3 అని ఉంటుంది, 2కీ 3కీ మధ్య ఏముందో ఎవరూ చెప్పరు. మీరు అడిగిన పాఠమే తీసుకుందాం. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. యుద్ధానికి డబ్బు కావాలి, అందుకని సుంకాలు పెంచారు, ఆదాయపు పన్ను పెంచారు. 1913కీ 1918కీ మధ్య ధరలు రెట్టింపయ్యాయి. పల్లెల్లో కుర్రాళ్లని బలవంతంగా సైన్యంలోకి లాక్కెళ్లారు. దాని మీద పంటలు పోయాయి, ఇన్‌ఫ్లుయెంజా వచ్చిపడింది. 1921 జనాభా లెక్కల ప్రకారం ఆ కరువుకీ ఆ రోగానికీ పోయినవాళ్లు కోటీ ఇరవై లక్షల నుంచి కోటీ ముప్పై లక్షల మంది. యుద్ధం అయిపోతే కష్టాలు తీరతాయని చూసిన జనం చేతిలో ప్రభుత్వం ఏం పెట్టింది? 1919లో రౌలట్ చట్టం. విచారణ లేకుండా రెండేళ్లు జైల్లో పెట్టొచ్చు. జనానికి మండదా మరి? ఏప్రిల్ 6న హర్తాళ్ చేశారు. ఏప్రిల్ 10న అమృత్‌సర్‌లో ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపారు, జనం బ్యాంకుల మీదా పోస్టాఫీసుల మీదా పడ్డారు, ఊరు సైన్యం చేతికి వెళ్లింది. 13న జలియన్‌వాలాబాగ్. ఆ రోజు బైశాఖి, పండక్కి పక్క ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకి ఊళ్లో గుంపులు కూడొద్దన్న నిషేధం ఉన్న సంగతే తెలీదు. ఈ ఒక్క విషయం చెప్పి చూడండి, పిల్లాడు ఆ తేదీ మర్చిపోతాడేమో.

రౌలట్ సత్యాగ్రహం పెద్దదే కానీ ఎక్కువగా పట్టణాల్లోనే ఉండిపోయింది. హిందువుల్నీ ముస్లింల్నీ కలిపి దేశమంతా కదిలించే ఉద్యమం కావాలని గాంధీ అనుకున్నారు, ముస్లింల ఖలీఫా అయిన టర్కీ సుల్తాన్ పదవిని కాపాడాలన్న ఖిలాఫత్ సమస్య సరిగ్గా అప్పుడే ముందుకొచ్చింది. 1920 సెప్టెంబరులో కలకత్తా కాంగ్రెస్, డిసెంబరులో నాగపూర్ కాంగ్రెస్, 1921 జనవరిలో సహాయ నిరాకరణ ఉద్యమం, 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరాలో జనం పోలీస్ స్టేషన్ తగలబెట్టారు, గాంధీ ఉద్యమం ఆపేశారు.

ఇలా ఒకసారి కథగా చెప్పాక నేను క్లాసులో ఒక పని చేయిస్తాను. మధ్యలోంచి ఒకటి తీసేయమంటాను. "రౌలట్ చట్టం రాకపోయుంటే ఏమయ్యేది?" "రౌలట్ సత్యాగ్రహం పల్లెలకి కూడా పాకి ఉంటే ఖిలాఫత్‌తో కలవాల్సిన అవసరం వచ్చేదా?" దీనికి సరైన జవాబంటూ ఒకటి ఉండదు, పిల్లలు వాదించుకుంటారు. ఆ వాదనలో వాళ్లకి తెలీకుండానే ముందు వెనకలు కుదురుకుంటాయి. ఇంట్లో మీరిద్దరూ హిస్టరీ చదవకపోయినా ఈ ప్రశ్న అడగొచ్చు. "ఇది లేకపోతే తర్వాతది జరిగేదా?" అంతే.

ట్యూషన్_మాస్టారు_నెల్లూరు:
సార్ చెప్పింది బాగుంది, కాదనను. కానీ బట్టీ అనగానే తప్పు పట్టేయడం నాకు నచ్చదు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో సగం మందికి ఇంట్లో అడిగేవాళ్లు ఉండరు, సాయంత్రం దుకాణంలో కూర్చుని చదివేవాళ్లు ఉన్నారు. రౌలట్ చట్టం లేకపోతే ఏమయ్యేదని వాదించుకునే తీరిక వాళ్లకెక్కడిది? పరీక్షలో ఒక మార్కు బిట్లు ఉంటాయి, అక్కడ ఆలోచన పనిచేయదు, గుర్తుంటే మార్కు, లేకపోతే లేదు. ముందు పాస్ అవ్వాలి. చిన్న జవాబులు, నిర్వచనాలు, పేర్లు, తేదీలు నోటికి రావాల్సిందే.

కర్నూలు_టెన్త్_అమ్మాయి:
నేను కూడా ఈ ఏడే టెన్త్. నాకు సోషల్ ఇష్టం. నేను చేసేది చెప్తాను, మీ బాబుకి పనికొస్తే చెప్పండి ఆంటీ.

రఫ్ నోట్‌బుక్‌లో పాఠం పేరు పైన రాసుకుంటాను. పుస్తకంలో రెండు సైడ్ హెడ్డింగులు మాత్రమే చదువుతాను, అంతకంటే ఎక్కువ చదవను. పుస్తకం మూసేసి బ్లూ పెన్నుతో గుర్తున్నదంతా రాస్తాను. నీట్‌గా రాయను, బాణం గుర్తులు వేసుకుంటూ నాకు అర్థమయ్యేలా రాస్తాను. ఇంక ఏమీ రాదు అనిపించాక కూడా పుస్తకం తెరవను, కొంచెంసేపు అలాగే కూర్చుంటాను, అప్పుడు ఒకటో రెండో వస్తాయి. తర్వాత పుస్తకం తెరిచి మర్చిపోయినవి రెడ్ పెన్నుతో రాస్తాను. మర్నాడు కొత్త పాఠం మొదలుపెట్టే ముందు ఆ రెడ్ వాటిని మాత్రమే చూడకుండా చెప్పుకుంటాను. వచ్చేస్తే టిక్ పెడతాను, రాకపోతే ఆదివారం మళ్లీ.

నాకు పూనా ఒడంబడిక ఎప్పుడూ రెడ్‌లోనే వచ్చేది. 1932 సెప్టెంబరు అని ఎన్నిసార్లు రాసుకున్నా పోయేది. మా సార్ ఒకరోజు దాని వెనక గొడవేంటో చెప్పారు. అంబేద్కర్ గారు దళితులకి ప్రత్యేక నియోజకవర్గాలు, అంటే దళితులే ఓటేసి ఎన్నుకునే సీట్లు అడిగారు, బ్రిటిష్‌వాళ్లు ఇస్తామన్నారు, గాంధీ జైల్లో ఆమరణ దీక్షకి కూర్చున్నారు, చివరికి సీట్లు రిజర్వు చేస్తారు కానీ ఓటు మాత్రం అందరూ కలిసే వేస్తారు అని రాజీ కుదిరింది. ఎవరు ఏం అడిగారు, ఎవరు ఏం వదులుకున్నారు అని తెలిశాక ఇంక అది రెడ్‌లో రాలేదు.

గుంటూరు_అమ్మ:
చాలా బాగా చెప్పావమ్మా. ఇవాళే వాడికి చదివి వినిపిస్తాను. కానీ ఒక సందేహం. మావాడు పుస్తకం మూసి రాయమంటే "నాకేమీ రావట్లేదు" అని చిరాకు పడి మళ్లీ చదవడానికే వెళ్లిపోతాడు. చదువుతున్నంతసేపూ అంతా వచ్చినట్టే ఉంటుంది వాడికి.

మనస్తత్వశాస్త్రం_ఎంఏ:
మేడమ్, మీరు చెప్పిన చివరి వాక్యమే అసలు సమస్య. మళ్లీ మళ్లీ చదివినప్పుడు లైన్లు కంటికి అలవాటైపోతాయి. ఆ అలవాటునే మనం "వచ్చేసింది" అనుకుంటాం. మార్కర్ గీతలు కూడా అదే పని చేస్తాయి, గీసిన చోటికి కన్ను వెళ్తుంది, బుర్రకి పని ఉండదు.

2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. చిన్న చిన్న వ్యాసాలు ఇచ్చారు. కొందరు దాన్నే మళ్లీ చదివారు, కొందరు చదివి పక్కన పెట్టేసి గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే బాగా రాశారు. వారం తర్వాత పెడితే మొత్తం తారుమారు, మూసేసి గుర్తు తెచ్చుకున్నవాళ్లకే చాలా ఎక్కువ గుర్తుంది. మీ ఇంట్లో జరుగుతున్నది కూడా అచ్చం ఇదే, రాత్రి గడగడా, వారానికి ఖాళీ.

మరచిపోవడం గురించి జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ అనే ఆయన తన మీద తనే ప్రయోగాలు చేసుకుని పుస్తకం వేసింది 1885లో, కాంగ్రెస్ పుట్టిన ఏడాదే. ఆయన కనిపెట్టిన దాంట్లో మనకి పనికొచ్చేది ఏంటంటే, నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం మొదటి గంటల్లో, మొదటి రోజుల్లోనే పోతుంది, తర్వాత పోయేది నెమ్మదిస్తుంది. అందుకని మర్నాడు ఒకసారి, మూడు నాలుగు రోజులకి ఒకసారి, వారం పది రోజులకి ఒకసారి పుస్తకం చూడకుండా గుర్తు తెచ్చుకోవాలి. ఒకే ఆదివారం మూడు గంటలు కూర్చునే బదులు ఆ మూడు గంటల్నే ముక్కలు చేసి పంచాలి.

బాబుకి చిరాకు వస్తే మొదట్లో పూర్తిగా ఖాళీ పేజీ ఇవ్వకండి. సైడ్ హెడ్డింగులు మాత్రం రాసిచ్చి కింద నింపమనండి. లేదా మీరే పుస్తకం పట్టుకుని ప్రశ్నలు అడగండి. గుర్తు తెచ్చుకోవడానికి పడే ఆ కష్టమే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుంది అని వాడికి కూడా చెప్పండి, ఎందుకు చేస్తున్నాడో తెలిస్తే పిల్లలు ఓర్చుకుంటారు.

మాస్టారు గారూ, మీ పిల్లల తీరిక సమస్య నాకు అర్థమైంది. పుస్తకం మూసి చెప్పుకోవడానికి అదనంగా టైమ్ అక్కర్లేదండీ, నాలుగోసారి చదివే టైమ్‌లోనే అది అయిపోతుంది.

ట్యూషన్_మాస్టారు_నెల్లూరు:
అది ఒప్పుకుంటాను. నేను అప్పజెప్పించుకునేది కూడా ఒకరకంగా అదే కదా. తేడా ఏంటంటే నేను ఆ రోజుతో వదిలేస్తున్నాను, మర్నాడు పాత పాఠం అడగట్లేదు. రేపటి నుంచి మొదటి పది నిమిషాలు పోయిన వారం పాఠంలో అడుగుతాను.

గ్రూప్స్_అభ్యర్థి_కరీంనగర్:
నేను గ్రూప్-2కి చదువుతున్నాను, టెన్త్ పిల్లలకంటే నాకు సిలబస్ ఎక్కువ, కానీ మందు ఒకటే. నేను బట్టీకీ, గుర్తుపెట్టుకునే చిట్కాలకీ వ్యతిరేకం కాదు. విజయనగర వంశాలు సంగమ, సాళువ, తుళువ, అరవీడు. "సం-సా-తు-అ" అనుకుంటే అయిపోతుంది. మొగలులు "బా-హు-అ-జ-షా-ఔ". వరుస మాత్రమే కావాల్సిన చోట ఇవి చాలు, దాని వెనక కారణం వెతుక్కుంటూ కూర్చోనక్కర్లేదు. కానీ కొన్ని విషయాలు అక్షరాలకి లొంగవు. నన్ను బాగా ఏడిపించింది ముల్కీ.

తెలంగాణ ఉద్యమం పాఠంలో 1919, 1952, 1956, 1969, 1972, 1973, 1975, 1985 అని తేదీలు వస్తూనే ఉంటాయి. వేటికవే చదివితే ఏదీ ఉండదు. నేను వాటన్నిటినీ ఒకే ప్రశ్న కింద పెట్టాను. "ఇక్కడి ఉద్యోగం ఇక్కడివాళ్లకా, బయటివాళ్లకా?" ఇంక చూడండి. 1919లో నిజాం ముల్కీ నియమాలు తెచ్చాడు, స్థానికులకే ఉద్యోగాలని. 1948 పోలీసు చర్యతో హైదరాబాద్ భారత్‌లో కలిశాక బయట నుంచి వచ్చినవాళ్లకి ఉద్యోగాలిస్తున్నారని 1952లో ముల్కీ ఉద్యమం, హైదరాబాద్ సిటీ కాలేజీ దగ్గర కాల్పులు. 1956లో ఆంధ్రతో కలిసేటప్పుడు ఇదే భయం, అందుకే ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం, నవంబరు 1న ఆంధ్రప్రదేశ్. ఒప్పందం అమలవట్లేదని 1969 ఉద్యమం. 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ముల్కీ నియమాలు చెల్లుతాయంది, ఈసారి ఆంధ్రవైపు మండింది, జై ఆంధ్ర ఉద్యమం. ఇద్దర్నీ సర్దడానికి 1973లో ఆరు సూత్రాల పథకం, రాజ్యాంగంలో స్థానికులకి ఉద్యోగాల్లో, చదువుల్లో అవకాశం చూసే 371-డి. దాన్ని అమలు చేయడానికి 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు. అవి ఉల్లంఘించారని తేలితే సరిచేయడానికి 1985లో 610 జీవో. ప్రశ్న మారలేదు, జవాబు చెప్పేవాళ్లు మారుతూ పోయారు. ఇలా పెట్టుకున్నాక మధ్యలో ఏ ఏడాది అడిగినా దాని ముందూ వెనకా చెప్పగలుగుతున్నాను.

ప్రతి పాఠానికీ ఇలాంటి ఒక ప్రశ్న దొరుకుతుంది. దాన్ని వెతకడమే సగం చదువు అనిపిస్తుంది నాకు.

రిటైర్డ్_హెడ్మాస్టర్:
తమ్ముడూ, ముల్కీ వరుస చాలా చక్కగా చెప్పావు. సం-సా-తు-అ లాంటివి వాడుకోమనే నేనూ చెప్తాను, కానీ ఒక జాగ్రత్త. కారణాలకీ ఫలితాలకీ మాత్రం పొడి అక్షరాలు పెట్టుకోకండి. అక్షరం గుర్తుంటుంది, అది దేనికి పెట్టుకున్నామో పరీక్ష హాల్లో గుర్తురాదు. పేర్ల వరుసకి సరే.

గుంటూరు అమ్మగారికి నాది ఒక సలహా. బాబు చేత అన్ని తేదీలూ చదివించొద్దు. ముందు ఎనిమిది చాలు. 1757 ప్లాసీ, 1857 తిరుగుబాటు, 1885 కాంగ్రెస్, 1905 బెంగాల్ విభజన, 1919 జలియన్‌వాలాబాగ్, 1930 ఉప్పు సత్యాగ్రహం, 1942 క్విట్ ఇండియా, 1947. ఇవి గోడకి దిగేసిన మేకులు, నిద్రలో లేపి అడిగినా చెప్పాలి. మిగతావన్నీ వీటికి తగిలించుకోవడమే. కాంగ్రెస్, ముస్లిం లీగ్‌ల లక్నో ఒప్పందం 1916 అని విడిగా గుర్తుండదు, కానీ "1919కి మూడేళ్ల ముందు, యుద్ధం నడుస్తుండగా" అంటే ఉంటుంది. పెద్ద తేదీలు దిగకుండా చిన్న తేదీలు చదివితే అన్నీ జారిపోతాయి.

రెండోది, మీది గుంటూరు. ఇంతకంటే అదృష్టం ఏముంది? సహాయ నిరాకరణ అంటే ఎక్కడో అలహాబాద్‌లోనో బొంబాయిలోనో జరిగిందని పిల్లలు అనుకుంటారు. 1921లో చీరాల, పేరాల జనం మున్సిపాలిటీ మాకొద్దని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఇళ్లు వదిలేసి ఊరి బయట రామనగర్‌లో పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. పెదనందిపాడు ఫిర్కాలో రైతులు శిస్తు కట్టం పొమ్మన్నారు. పల్నాడులో అడవిలో పశువుల్ని మేపినందుకు పుల్లరి కట్టమంటే కట్టనని నిలబడిన కన్నెగంటి హనుమంతుని 1922లో కాల్చి చంపారు. జెండా సంగతి కూడా అంతే, 1921లో బెజవాడలో కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగినప్పుడు పింగళి వెంకయ్య గారు గాంధీకి జెండా నమూనా చూపించారు. ఇవన్నీ బస్సెక్కితే సాయంత్రానికి తిరిగొచ్చే ఊళ్లు. ఒక ఆదివారం చీరాల తీసుకెళ్లండి.

అల్లూరి సీతారామరాజు మీ బాబు పుస్తకంలోనే ఉన్నారు. గూడెం కొండల్లో పోడు చేయనివ్వలేదు, పశువుల్ని అడవిలోకి రానివ్వలేదు, రోడ్లు వేయడానికి వెట్టి చేయించారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి, ఆ వెంటనే కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. అంటే చౌరీచౌరా తర్వాత గాంధీ ఉద్యమం ఆపేసిన ఆర్నెల్లకి. ఇది పిల్లాడికి చూపించండి. ఢిల్లీలో ఆగిందంటే కొండల్లో ఆగినట్టు కాదు. రాజు గారు గాంధీని మెచ్చుకుంటూనే బలంతోనే స్వరాజ్యం వస్తుందన్నారు, ఈ రెండూ ఎలా కుదిరాయో బాబుని ఆలోచించమనండి.

బెంగళూరు_నాన్న:
మా అమ్మాయి సీబీఎస్‌ఈ, ఇదే పాఠం. మాకు మ్యాప్ పెద్ద తలనొప్పిగా ఉండేది. చంపారన్, ఖేడా, అహ్మదాబాద్, అమృత్‌సర్, చౌరీచౌరా, దండి, కాంగ్రెస్ సమావేశాలు జరిగిన కలకత్తా, నాగపూర్, మద్రాసు, ఇవి గుర్తించాలి. ఖాళీ మ్యాపులు ఒక కట్ట తెచ్చి ఇంట్లో పెట్టాం. చుక్క పెట్టేటప్పుడు ఊరి పేరు ఒక్కటే కాకుండా అక్కడి జనానికి వచ్చిన కష్టం నోటితో చెప్పాలి అని నియమం. చంపారన్ అంటే నీలిమందు, ఖేడా అంటే పంట పోయినా వదలని శిస్తు, అహ్మదాబాద్ అంటే మిల్లు కూలీల జీతాలు. అలా చేస్తుంటే ఖేడా, అహ్మదాబాద్, దండి మూడూ గుజరాత్‌లోనే ఉన్నాయని అమ్మాయే గమనించి, గాంధీ సొంత ప్రాంతం కాబట్టి అక్కడ పట్టు ఎక్కువ కదా నాన్నా అంది. ఈ మాట ఏ గైడులోనూ లేదు.

ఇంకో సంగతి. మా అమ్మాయి ఇంగ్లీషులో చదువుతుంది కానీ ఆలోచించేది తెలుగులో. ముందు ఇంట్లో తెలుగులో కథ చెప్పుకుని, తర్వాత ఇంగ్లీషు పుస్తకం చదివితే తేలిగ్గా ఎక్కుతోంది.

ఓరుగల్లు_సోషల్_సార్:
చాలా మంచి మాట. మేడమ్, మీ బాబు పుస్తకంలో ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు ఉండాలి చూడండి. చాలామంది పిల్లలు తెలుగు పేజీ ఉన్నట్టే మర్చిపోతారు. ముందు తెలుగు పేజీ చదవమనండి, మూసేసి ఇంగ్లీషులో రాయమనండి. అలా రాయాలంటే బట్టీ కుదరదు, అర్థం చేసుకుని తీరాలి.

మీ మొదటి ప్రశ్న, ఏది ముందు ఏది వెనక అన్నది ఇంకా మిగిలిపోయింది. ఒకేలా ఉండే రెండు విషయాల్ని వేర్వేరు రోజుల్లో చదివితే కలిసిపోతాయి. పక్కపక్కన పెట్టి ఒకే రోజు చదివించండి. ఒక కాగితం నిలువుగా మడిచి ఎడమ పక్క సహాయ నిరాకరణ, కుడి పక్క శాసనోల్లంఘన. ఎడమ పక్క 1921లో మొదలు, కుడి పక్క 1930 మార్చి 12 దండి యాత్ర. ఎడమ పక్క ప్రభుత్వానికి సహకరించం అన్నారు, అంటే బిరుదులు వదిలేయడం, స్కూళ్లు, కోర్టులు మానేయడం, విదేశీ బట్ట కాల్చడం. కుడి పక్క ఇంకో మెట్టు పైకి వెళ్లి చట్టాన్నే ధిక్కరించారు, ఏప్రిల్ 6న ఉప్పు చేశారు. ముందు సహకరించడం మానేస్తారు, అది చాలకపోతే చట్టం ధిక్కరిస్తారు, ఈ వరుస తెలిస్తే ఏది ముందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఎడమ పక్క చౌరీచౌరాతో ఆగింది, కుడి పక్క 1931 మార్చి 5న వైస్రాయ్‌తో కుదిరిన గాంధీ-ఇర్విన్ ఒప్పందంతో ఆగి, మళ్లీ మొదలై, 1934 నాటికి ఊపు తగ్గింది. ఎడమ పక్క ఖిలాఫత్ వల్ల ముస్లింలు పెద్ద సంఖ్యలో వచ్చారు, కుడి పక్క అంతగా రాలేదు. ఎందుకు రాలేదు అన్నది పుస్తకంలోనే ఉంది, దాన్ని మాత్రం బాబునే వెతకమనండి, మీరు చెప్పొద్దు.

జవాబు రాసేటప్పుడు కూడా ఈ కాగితమే పనికొస్తుంది. ప్రశ్నలో "ఎందుకు" అని ఉందా, "ఎవరెవరు" అని ఉందా ముందు చూసుకోవాలి. ధనిక రైతులు శిస్తు తగ్గించమని వచ్చారు, పేద రైతులు కౌలు బకాయిలు మాఫీ చేయమని వచ్చారు, వ్యాపారులు విదేశీ సరుకు నుంచి రక్షణ కోసం వచ్చారు. "ఎవరెవరు" అంటే ఇది రాయాలి. చాలామంది ఏ ప్రశ్న వచ్చినా 1930 మార్చి 12 నుంచి మొదలుపెట్టి దండి యాత్ర కథంతా రాసేస్తారు. కథ వచ్చు, మార్కులు రావు. పేపర్లు దిద్దేటప్పుడు ఇలాంటివి చూస్తే పిల్లల కష్టం వృథా అయిందే అని నిజంగా బాధేస్తుంది.

గుంటూరు_అమ్మ:
అందరికీ చాలా థాంక్స్ అండీ. కాగితం మడిచి రాయడం నిన్న చేయించాను. ముస్లింలు ఎందుకు దూరంగా ఉన్నారో వెతకమంటే పుస్తకం తిరగేసి మరీ తెచ్చాడు, ఖిలాఫత్ తగ్గిపోయాక కాంగ్రెస్ హిందూ మహాసభకి దగ్గరవుతోందని అనుకున్నారట. దాని గురించి వాళ్ల నాన్నతో చాలాసేపు మాట్లాడాడు, మార్కర్ ముట్టుకోలేదు. చీరాల కూడా వెళ్దామంటున్నాం. హెడ్మాస్టర్ గారి ఎనిమిది తేదీలు ఫ్రిజ్ మీద అంటించాను.

కర్నూలు_టెన్త్_అమ్మాయి:
ఆంటీ, మీ బాబుకి యూరప్ పాఠం ఎలా వస్తోంది? నాకు ఇటలీ, జర్మనీ ఏకీకరణ కలిసిపోతున్నాయి. సార్, దీనికి కూడా పక్కపక్కన రాస్తే సరిపోతుందా?

ఓరుగల్లు_సోషల్_సార్:
సరిపోతుందమ్మా, కానీ మొదటి గడిలో ఒకటే రాయి, "ఎవరు కలిపారు?" జర్మనీకి జవాబు ఒక్కటే, ప్రష్యా రాజ్యం. దాని ప్రధాని బిస్మార్క్ నడిపించాడు, ఏడేళ్లలో మూడు యుద్ధాలు, డెన్మార్క్, ఆస్ట్రియా, ఫ్రాన్స్, మూడూ గెలిచారు. ఇటలీకి ముగ్గురు. ఆలోచన మాజినీది, రాయబారం కావూర్‌ది, దక్షిణాన కత్తి గారిబాల్డీది. 1859లో ఫ్రాన్స్ సాయంతో ఆస్ట్రియాని ఓడించారు, 1860లో గారిబాల్డీ దక్షిణాన దిగాడు, 1861లో విక్టర్ ఇమ్మాన్యుయేల్ ఇటలీకి రాజయ్యాడు. ఇంకో గుర్తు, జర్మనీలో బిస్మార్క్ తన రాజు విలియం తరఫునే పనిచేశాడు, ఇటలీలో మాజినీకి రాజులే వద్దు, చివరికి రాజే వచ్చాడు.

రిటైర్డ్_హెడ్మాస్టర్:
సార్ చెప్పిన దానికి ఒకటి కలుపుకో అమ్మా. విలియంని జర్మన్ చక్రవర్తిగా ప్రకటించింది 1871 జనవరి 18న, ఎక్కడో కాదు, ఓడిపోయిన ఫ్రాన్స్ వాళ్ల వర్సాయ్ కోటలో, అద్దాల హాల్లో. ఫ్రాన్స్ ఆ అవమానం మర్చిపోలేదు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక పారిస్ శాంతి సమావేశం 1919 జనవరి 18న, అదే తేదీన మొదలైంది. జూన్ 28న జర్మనీ చేత వర్సాయ్ ఒప్పందం మీద సంతకం పెట్టించింది కూడా అదే అద్దాల హాల్లో.

కర్నూలు_టెన్త్_అమ్మాయి:
అంటే 1871 గుర్తుంటే వర్సాయ్ ఒప్పందం కూడా వచ్చేస్తుంది సార్! ఇది ఇప్పుడే రఫ్ నోట్‌బుక్‌లో రాసుకున్నాను, బ్లూ పెన్నుతోనే.

గ్రూప్స్_అభ్యర్థి_కరీంనగర్:
హెడ్మాస్టర్ గారూ, ఆ 18 జనవరి నాకూ కొత్తే. 1757 నుంచి 1857 మధ్య నూరేళ్లకి మేకులు ఏవి పెట్టుకోమంటారు? నాకు అక్కడే ఖాళీ.

రిటైర్డ్_హెడ్మాస్టర్:
1764 బక్సర్, 1765లో దివానీ, అంటే బెంగాల్ పన్ను వసూలు హక్కు కంపెనీ చేతికి రావడం, 1793 శాశ్వత శిస్తు, 1799 టిప్పు మరణం, 1818 మరాఠాల ఓటమి, 1848లో గవర్నర్ జనరల్‌గా డల్హౌసీ రావడం. 1800లో నిజాం కడప, కర్నూలు, బళ్లారి, అనంతపురం ప్రాంతాల్ని కంపెనీకి వదిలేశాడు, దత్త మండలాలు అవే. దాన్ని 1799 పక్కనే పెట్టుకో, టిప్పు పోయిన మరుసటేడే.